మధ్యలో మాయమైన పట్టణాలు: హైదరాబాద్ బరువు, జిల్లాల వలస

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ మహానగర ప్రాంతంలో 77 లక్షల మంది ఉన్నారు. తెలంగాణలో దాని తరువాతి పెద్ద నగరమైన వరంగల్‌లో ఉన్నది ఏడున్నర లక్షల మంది. అంటే మొదటి నగరం రెండోదానికి పది రెట్లు. రాష్ట్రంలోని పట్టణ జనాభా మొత్తం 1 కోటీ 36 లక్షలైతే, అందులో సగానికి పైగా ఒక్క హైదరాబాద్‌లోనే ఉన్నారు. తమిళనాడులో చెన్నై మహానగర జనాభా 86 లక్షలకు పైబడినా, రెండో నగరం కోయంబత్తూరులో 21 లక్షల మందికి పైగా ఉన్నారు. ఆ తరువాత మదురై, తిరుచ్చి, తిరుప్పూర్, సేలం వరుసగా వస్తాయి. తిరునెల్వేలి పల్లెలో పనిలేని యువకుడు చెన్నైకి వెళ్లాలనుకుంటే వెళ్లవచ్చు, కానీ దారిలో అతన్ని ఆపగల ఊళ్లు కూడా ఉన్నాయి. ఆదిలాబాద్ పల్లెలోని యువకుడికి అలాంటి ఊళ్లు చాలా తక్కువ.

ఇప్పటి ఆంధ్రప్రదేశ్ పైకి ఇంతకంటే సమతుల్యంగా కనిపిస్తుంది. అప్పటి లెక్కల్లో విశాఖపట్నంలో 17 లక్షలు, విజయవాడలో దాదాపు 15 లక్షల జనాభా ఉంది. అయితే రాయలసీమలో అతి పెద్ద నగరమైన కర్నూలు ఐదు లక్షలకు కూడా చేరలేదు. సీమ ప్రజలకు మహానగరాలంటే బెంగళూరు, హైదరాబాద్, చెన్నై. ఆ మూడూ రాష్ట్ర సరిహద్దుకు అవతలే ఉన్నాయి. కనుక వారి వలస రాష్ట్రం లోపలి పట్టణాల లెక్కల్లో కనిపించదు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో మనం ఇప్పటికీ ఈ పాత అంకెల మీదే ఆధారపడుతున్నాం. ఈలోగా హైదరాబాద్ ఎంత పెరిగిందో బాహ్యవలయ రహదారి దాటి లేచిన భవనాలే చెబుతున్నాయి.

నగరాలు కిక్కిరిసిపోవడం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. పల్లెల్లో పని కల్పిస్తే వలస ఆగిపోతుందన్నది ఒకటి, నగరాన్ని విస్తరిస్తే ఇబ్బందులు తీరతాయన్నది మరొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నా, పల్లెకూ మహానగరానికీ మధ్య ఉండాల్సిన పట్టణాలు ఎందుకు ఎదగలేదన్న ప్రశ్నను రెండూ వదిలేస్తున్నాయి. వలసల సమస్యకు అసలు ముడి అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఒకే పేరు, మూడు రకాల ప్రయాణాలు

ముందుగా వలస అనే ఒక్క మాట కింద మనం కలిపేస్తున్న వేర్వేరు ప్రయాణాలను విడదీసి చూడాలి. జనగణన లెక్కల్లో దేశంలోని వలసదారులు 45 కోట్లు. అయితే అందులో చాలా పెద్ద భాగం పెళ్లయి అత్తవారింటికి వెళ్లిన మహిళలదే. మరోవైపు, నాలుగైదు నెలలు పనికి వెళ్లి తిరిగి వచ్చేసే కుటుంబాలు ఆ లెక్కకు సరిగా అందవు. పని కోసం జరిగే కదలిక ఎంతో అంచనా వేయడానికి 2016–17 ఆర్థిక సర్వే రైల్వే జనరల్ టికెట్ల సమాచారాన్ని ఆశ్రయించి, 2011–16 మధ్య ఏటా సగటున 90 లక్షల మంది రాష్ట్రాల మధ్య కదిలారని తేల్చింది. రాష్ట్రం లోపలే ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు పోయేవారు ఆ అంచనాలో లేరు.

అలాంటి వారిని చూడాలంటే కర్నూలు జిల్లా పడమటి మండలాలకు వెళ్లాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం ప్రాంతాల్లో వానకు వేసిన పత్తి చేతికొచ్చాక చేయడానికి పని ఉండదు, ఎరువుల దుకాణం అప్పు మాత్రం ఉంటుంది. కుటుంబాలు ఇంటికి తాళం వేసి, బియ్యం, వంటసామాను మూటకట్టుకుని, గుంటూరు, పల్నాడు, ఖమ్మం వైపు మిరప కోతలకు బయలుదేరుతాయి. చేల పక్కనే గుడారాలు వేసుకుంటారు. పగలంతా కాయలు కోయడం, కల్లంలో ఆరబోయడం, తాలు కాయలు ఏరడం వారి పని. ఘాటుకు చేతులు మండుతున్నా పని ఆగదు. కూలీని కిలోల లెక్కన కట్టేచోట ఎన్ని చేతులుంటే అంత రాబడి కాబట్టి, బడిలో ఉండాల్సిన పిల్లల చేతులూ ఆ లెక్కలో చేరిపోతాయి. ఆ పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు తెరుస్తోంది. అయితే అవి కుటుంబాలు బయలుదేరే ముందే తెరుచుకోవాలి. బండి కదిలిపోయిన తరువాత తెరిస్తే ఆ ఏడాది చదువు పోయినట్లే.

ఈ మండలాల మీదుగానే తుంగభద్ర దిగువ కాలువ పారుతుంది. పూడిక చేరి తుంగభద్ర జలాశయం సామర్థ్యం మొదటి 133 టీఎంసీల నుంచి దాదాపు 105 టీఎంసీలకు పడిపోయింది. ఆ లోటు భారం చివరి ఆయకట్టు మీదే ఎక్కువగా పడుతుంది. కనుక కోసిగి కుటుంబం వలసకు కారణం నగరపు ఆకర్షణ ఎంతమాత్రం కాదు. వాళ్లు వెళ్లేది మరో పల్లెకే. నీళ్లు అందని పొలం నుంచి నీళ్లు అందే పొలానికి వెళుతున్నారు.

రెండో రకం పాలమూరుది. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేదే పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో. అయినా నది లోతున, పొలాలు ఎత్తున ఉండటంతో దశాబ్దాల తరబడి ఆ నీరు ఆ నేలకు ఎక్కలేదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, దాన్ని తీర్చేదాకా అతను చూపిన చోట పనిచేయడం అక్కడి కుటుంబాలకు తరాల నుంచి అలవాటైన బతుకు. నాగార్జునసాగర్ మొదలు దేశమంతటా కట్టిన ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారిలో పాలమూరు కూలీలు ఉన్నారు. ఇతరుల పొలాలకు నీళ్లు ఇచ్చే కట్టడాలు కట్టినవారి సొంత పొలాలు ఎండిపోవడం కంటే అసమతుల్య అభివృద్ధికి వేరే నిదర్శనం అక్కర్లేదు.

మూడో రకం చదువుకున్నవారిది. కోచింగ్ కోసం అమీర్‌పేటకో, పోటీ పరీక్షల కోసం అశోక్‌నగర్‌కో వచ్చి, హాస్టల్ గదిలో నలుగురైదుగురు సర్దుకుని, తిరిగి సొంత జిల్లాకు వెళ్లే ఉద్దేశం లేకుండా ఉండిపోయేవారు వీరు. వీరిని తరిమింది కరువు కాదు. డిగ్రీకి తగిన పని సొంత జిల్లాలో దొరకకపోవడమే వీరిని కదిలించింది.

ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మొదటి రెండింటికీ నీరు, భూమి, అప్పు మూలాలు. మూడోదానికి మూలం పట్టణాల లేమి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం మొదటి రకం వారికి నిజమైన ఆసరా అయింది. వంద రోజుల పని ఉందన్న ధీమాతో కూలిరేటు గురించి గట్టిగా మాట్లాడగల శక్తి వచ్చింది. కానీ బీటెక్ చదివిన యువతికి చెరువు పూడికతీత పని చూపి ఊళ్లోనే ఉండమనలేం.

ఒకే చోట పోగుపడిన తీరు

హైదరాబాద్ ఇంతగా పెరగడం దానంతట అదే జరిగినట్టు చెబుతుంటారు. చరిత్ర వేరుగా ఉంది. నిజాం పాలన చివరి దశాబ్దాల్లో పెద్ద పరిశ్రమలు కొన్ని ముడిసరుకు ఉన్నచోటే వచ్చాయి. పత్తి పండే ప్రాంతానికి చేరువగా వరంగల్‌లో 1934లో ఆజంజాహీ మిల్లు, చెరకు పండే బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం, వెదురు దొరికే అడవి అంచున సిర్పూర్ కాగితం మిల్లు వెలిశాయి. ఇవి తమ చుట్టూ పట్టణాలను పెంచాయి. 1960, 70 దశకాల్లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు వచ్చినప్పుడు మాత్రం బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, ఈసీఐఎల్, అణు ఇంధన సముదాయం, బీడీఎల్, మిధాని అన్నీ హైదరాబాద్ చుట్టూనే చేరాయి. రక్షణ పరిశోధనశాలలూ అక్కడికే వచ్చాయి. వాటికి విడిభాగాలు అందించే చిన్న పరిశ్రమలు బాలానగర్, కూకట్‌పల్లి ప్రాంతాల్లో పుట్టాయి. మందులు తయారుచేసే ఐడీపీఎల్ లాంటి సంస్థల్లో శిక్షణ పొందిన వారి అనుభవంతోనే తరువాతి కాలపు మందుల పరిశ్రమ ఎదిగింది. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి నగరంలో చదువుకున్న మధ్యతరగతి సిద్ధంగా ఉంది.

ఇదే కాలంలో జిల్లాల్లో వెనకటి పరిశ్రమలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో, ఆజంజాహీ మిల్లు 2002లో, సిర్పూర్ మిల్లు 2014లో, బోధన్ చక్కెర కర్మాగారం 2015లో ఆగిపోయాయి. సిర్పూర్ 2018లో, రామగుండం 2021లో తిరిగి నడిచాయి కానీ, మధ్యలో గడిచిన ఏళ్లలో వాటి మీద బతికిన కుటుంబాలు మరో దారి చూసుకోక తప్పలేదు.

ఒకసారి ఒకచోట పోగుపడిన తరువాత అక్కడికే మరిన్ని రావడానికి ఆర్థిక కారణాలున్నాయి. కంపెనీకి కావలసిన నైపుణ్యం గలవారు వందల్లో దొరికేది అక్కడే. ఉద్యోగికి ఒక సంస్థ పోతే మరో సంస్థ దొరికేదీ అక్కడే. భార్యాభర్తలిద్దరికీ పని, పిల్లలకు బడి, తల్లిదండ్రులకు పెద్దాసుపత్రి ఒకే ఊరిలో ఉండాలనుకునే కుటుంబం నిజామాబాద్‌కంటే హైదరాబాద్‌నే ఎంచుకుంటుంది. వ్యక్తిగా ఆలోచిస్తే ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు. ఆ నిర్ణయాలన్నీ కలిసి నగరం మీద వేసే బరువు మాత్రం ఏ కంపెనీ లెక్కలోనూ, ఏ కుటుంబం లెక్కలోనూ కనిపించదు. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఊరి దాహం తీర్చేవి. ఇప్పుడు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా, గోదావరి నీటిని కరెంటుతో ఎత్తిపోసి తేవలసి వస్తోంది. చెరువుల్లోనూ నాలాల్లోనూ ఇళ్లు లేచిన ఫలితం 2020 అక్టోబరు వరదల్లో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు అందరూ చూశారు. అలాంటప్పుడు ఎక్కువగా నష్టపోయేది పల్లపు బస్తీల్లో చౌక అద్దెకు ఉంటున్న వలస కుటుంబాలే.

ఇక్కడ ప్రభుత్వాల స్వప్రయోజనం కూడా ఉంది. దాని గురించి మనం తగినంతగా మాట్లాడుకోవడం లేదు. రిజిస్ట్రేషన్లు, భవన అనుమతులు, భూముల వేలాలు, అమ్మకం పన్ను, వీటన్నింటి రాబడిలో పెద్ద వాటా నగరం నుంచే వస్తుంది. 2023 ఆగస్టులో నగర శివారు కోకాపేటలో జరిగిన భూముల వేలంలో ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. ఖజానాను ఇంత వేగంగా నింపే నేల మరొకచోట లేనప్పుడు, కొత్త రోడ్డు, కొత్త మెట్రో మార్గం, కొత్త ఐటీ కారిడార్ ఆ నేల విలువను ఇంకా పెంచేచోటికే వెళతాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ లెక్క మారలేదు. దీనికి పోలికగా మరో అంకె చూడండి. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లోని వెనుకబడిన 7 జిల్లాలకు, అంటే ఉత్తరాంధ్ర మూడింటికీ రాయలసీమ నాలుగింటికీ, కేంద్రం ప్రత్యేక సాయంగా ఇచ్చింది జిల్లాకు ఏడాదికి 50 కోట్లు. లక్షల జనాభా ఉన్న జిల్లాకు ఏడాది పొడవునా ఇచ్చిన మొత్తం కోకాపేటలో అరెకరం ధర.

జిల్లాల్లో ఏది పనిచేసింది, ఏది చేయలేదు

నీరు అందినచోట మార్పు కనిపించింది. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు పారడం మొదలైన తరువాత పాలమూరులోని అనేక మండలాల్లో వరి సాగు పెరిగింది, ఊరు విడిచిన కుటుంబాలు కొన్ని తిరిగి వచ్చాయి. ఈరోజు తెలంగాణ పల్లెల్లో నాట్లు వేయడానికి బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. ఒకప్పుడు కూలీలను పంపిన నేల ఇప్పుడు కూలీలను పిలుస్తోంది. అయితే అదే పూర్వపు జిల్లాలోని నారాయణపేట, కొడంగల్, మద్దూరు వైపు ఎత్తు ప్రాంతాలకు నీరు ఇవ్వాల్సిన పథకానికి 2014లో ఉత్తర్వు వెలువడినా పనులు ఏళ్ల తరబడి కదలలేదు. అక్కడి నుంచి ముంబై వైపు ప్రయాణాలు కొనసాగాయి. పైగా నీరు వచ్చినా లాభం మొదట భూమి ఉన్నవారికే. భూమి లేని కుటుంబానికి నాట్లప్పుడూ కోతలప్పుడూ తప్ప మిగతా నెలల్లో పని కావాలి. ఆ పని పట్టణం నుంచే రావాలి.

పట్టణంలో పని పుట్టించడానికి ప్రభుత్వాలు ఎక్కువగా ఎంచుకున్న దారి భవనాలు కట్టడం. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆ తరువాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త కలెక్టరేట్లు లేచాయి, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి చోట్ల ఐటీ టవర్లు వచ్చాయి. కార్యాలయం దగ్గరకు రావడం ప్రజలకు మేలే. అయినా కలెక్టరేట్ వస్తే ముందుగా పెరిగేది చుట్టుపక్కల ప్లాట్ల ధర. ఉద్యోగాలు రావాలంటే వాటి వెనుక సరఫరా గొలుసు ఉండాలి. దక్షిణ కొరియా 2012 నుంచి మంత్రిత్వ శాఖలను సియోల్ నుంచి సెజోంగ్ అనే కొత్త నగరానికి తరలించింది. అయినా ఈనాటికీ ఆ దేశ జనాభాలో సగం సియోల్ మహానగర ప్రాంతంలోనే ఉంది. రాజధాని ఎక్కడ అన్న వాదనలో పదేళ్లు గడిపిన ఆంధ్రప్రదేశ్‌కు ఇది అవసరమైన ఉదాహరణ. 2014లో ఆంధ్రప్రదేశ్ రాజధానిపై కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ కార్యాలయాలన్నీ ఒకేచోట కుప్పవేయవద్దని చెప్పింది. ఆ సలహా విలువైనదే, కానీ కార్యాలయాలను పంచడం ఒక్కటే ప్రాంతీయ సమతుల్యతను తేలేదు.

పనిచేసిన ఉదాహరణగా నేను విశాఖపట్నం దగ్గరి అచ్యుతాపురాన్ని చూపుతాను. అక్కడి బ్రాండిక్స్ దుస్తుల పార్కులో వేల మంది మహిళలు పనిచేస్తున్నారు. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సులు వారిని తెల్లవారుజామున ఎక్కించుకుని వెళ్లి, షిఫ్టు అయ్యాక ఊళ్లో దించుతాయి. పెళ్లయి పిల్లలున్న మహిళ హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి పనిచేయలేదు, కానీ సాయంత్రానికి ఇల్లు చేరగలిగితే ఫ్యాక్టరీకి వెళ్లగలదు. జీతం తక్కువైనా అద్దె లేదు, రేషన్ సొంత ఊళ్లోనే, ఓటు సొంత ఊళ్లోనే, పిల్లల బడి మారదు. వలస విధానానికి ఒక కొలబద్ద కావాలంటే ఇదే సరైనదని నేను అనుకుంటాను: ఒక జిల్లాలో ఎంతమందికి రాత్రికి ఇల్లు చేరగలిగే దూరంలో జీతం వచ్చే పని ఉంది? ఇంతమాత్రాన అక్కడ అంతా బాగుందని చెప్పలేం. అదే అచ్యుతాపురంలో 2022లో విషవాయువు పీల్చి వందలాది మహిళా కార్మికులు ఆసుపత్రుల పాలయ్యారు. 2024లో ఒక మందుల కర్మాగారంలో పేలుడుకు 17 మంది బలయ్యారు. వెనుకబడిన ప్రాంతం కాబట్టి తనిఖీలు సడలించవచ్చనే ఆలోచన అభివృద్ధి పేరుతో జరిగే అన్యాయం.

రాయలసీమలోని పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు విడిభాగాల సంస్థలు కూడా దాని వెంట వచ్చాయి. దాని ప్రభావం ఒక్క గేటు దగ్గర ఆగకపోవడానికి కారణం ఆ సంస్థలే. వరంగల్‌లో జరగాల్సిందీ ఇలాంటిదే. ఆ ప్రాంతపు నేత కార్మికులు తరాల క్రితమే సూరత్, భివండి, షోలాపూర్‌లకు వెళ్లిపోయారు. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వారిని వెనక్కు రప్పిస్తుందన్నది మొదటి ఆశ. సూరత్‌లో మగ్గం నడిపే వ్యక్తికి అక్కడ నూలు వ్యాపారి, రంగుల అద్దకం, మరమ్మతు మెకానిక్, అప్పిచ్చే సేటు అందరూ ఒకే వీధిలో దొరుకుతారు. వరంగల్‌లో పెద్ద కంపెనీ షెడ్డు ఒక్కటే ఉంటే అతను రాడు. చిన్న యూనిట్లకు అద్దెకు షెడ్లు, అద్దకపు నీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం, నూలు బ్యాంకు ఉంటే వచ్చే అవకాశం ఉంది.

ఇలాంటి పనులకు పట్టణాల చేతిలో డబ్బు, అధికారం ఉండాలి. 74వ రాజ్యాంగ సవరణ పురపాలికలకు 18 అంశాలు అప్పగించవచ్చని చెప్పింది, జిల్లాలోని పల్లెలూ పట్టణాలూ కలిసి ప్రణాళిక వేసుకోవడానికి జిల్లా ప్రణాళికా కమిటీలను తప్పనిసరి చేసింది. మూడు దశాబ్దాలు గడిచినా ఆ కమిటీలు చాలావరకు కాగితాల మీదే ఉన్నాయి. లక్ష జనాభా ఉన్న పురపాలిక తన బస్టాండును మార్చాలన్నా, మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టాలన్నా రాజధానిలోని సచివాలయం వైపు చూడాల్సిందే. మహానగరంలో వచ్చే భూమి రాబడిలో నిర్ణీత వాటాను చట్టం ద్వారా జిల్లా పట్టణాలకు కేటాయించడం సాధ్యమైన పనే. అలా చేయనంత కాలం రాబడి పుట్టినచోటే మళ్లీ ఖర్చవుతూ ఉంటుంది.

వచ్చేసినవారి సంగతి

పట్టణాలు పెరగడానికి ఇరవై ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా నగరానికి వచ్చినవారు ఉంటారు, వస్తూనే ఉంటారు. హైదరాబాద్‌లో ఏ లేబర్ అడ్డాలోనైనా ఉదయం ఆరు గంటలకే శ్రీకాకుళం, పాలమూరు, ప్రకాశం జిల్లాలవారు తాపీ, పార, టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంటారు. మేస్త్రీ వచ్చి కావలసినవారిని ఏరుకుంటాడు. తొమ్మిది, పది దాటాక మిగిలినవారికి ఆ రోజు కూలి లేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996 నాటి చట్టం సెస్సు విధించింది, నిధి ఉంది. కానీ సభ్యుడిగా నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. రోజుకొక మేస్త్రీ దగ్గర పనిచేసే అడ్డా కూలీకి ఆ ధ్రువపత్రం ఎవరిస్తారు? అడ్డాల దగ్గరే నమోదు కౌంటర్లు పెట్టడం, సంఘాల ధ్రువీకరణను అంగీకరించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు.

రేషన్ విషయంలో మేలు జరిగింది. 2019 ఆగస్టులో ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు ఏర్పాటును మొదట అమలు చేసిన జతల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. శ్రీకాకుళం కార్డుతో హైదరాబాద్‌లో బియ్యం తీసుకోవడం దానితో సాధ్యమైంది. 2020లో లాక్‌డౌన్ కాలంలో దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. మన నగరాన్ని కడుతున్న కూలీలు ఎంతమంది, ఎక్కడి నుంచి వచ్చారో ప్రభుత్వం దగ్గర పక్కా జాబితా లేదని ఆ రోజుల్లోనే తేలిపోయింది.

ఆ జాబితా తయారు చేసుకునే అవకాశం జనగణన రూపంలో వస్తోంది. జనాభా లెక్కింపు దేశంలో చాలా భాగంలో 2027 ఫిబ్రవరిలో జరిగేలా నిర్ణయమైంది. ఫిబ్రవరి మిరప కోతల కాలం. జనాభా లెక్కలు రాసే ఎన్యూమరేటర్ కోసిగి వెళ్లేసరికి చాలా ఇళ్లకు తాళాలుంటాయి. లెక్కింపు కాలమంతా ఊళ్లో లేనివారిని వారున్న చోటే లెక్కించాలన్నది నియమం. కానీ మిరప చేల మధ్య గుడారాలకు ఇంటి నంబర్లు ఉండవు. అక్కడి పల్లె ఎన్యూమరేటర్ జాబితాలోనూ అవి ఉండవు. ఈ కుటుంబాలు రెండు చోట్లా జారిపోతే వాళ్ల ఊరి జనాభా తగ్గినట్టు నమోదవుతుంది, దాని ఆధారంగా వచ్చే నిధులూ తగ్గుతాయి. వలస మండలాల్లోని గ్రామ సచివాలయాలు బయలుదేరే కుటుంబాల వివరాలు ముందే రాసుకుని, వెళ్లే జిల్లాల యంత్రాంగానికి పంపాలి. గుంటూరు, పల్నాడు, ఖమ్మం జిల్లాల్లో చేల దగ్గరి గుడారాలకు, హైదరాబాద్‌లో నిర్మాణ స్థలాల్లోని షెడ్లకు ప్రత్యేకంగా ఎన్యూమరేటర్లను కేటాయించాలి. ఈ ఏర్పాట్లు చేయడానికి జిల్లా కలెక్టర్లకు ఇప్పటికే అధికారం ఉంది.